అప్పు తీర్చబోతే తప్పు కట్టాలా?

మా తమ్ముడికి కైకలూరు దగ్గర చేపల చెరువుంది. మూడేళ్ల కిందట తవుడు, చెక్క కొనడానికి డబ్బాడక, తాడేపల్లిగూడెంలో నేనుంటున్న ఇల్లు తాకట్టు పెట్టి ఒక ఫైనాన్సు సంస్థలో ఇరవై లక్షలు తెచ్చాం. లోను పెట్టించిన ఏజెంటు మా దగ్గర ఒక శాతం, 20,000 రూపాయలు తీసుకున్నాడు. సంస్థ కూడా అతనికి కమీషను ఇచ్చిందని తర్వాత తెలిసింది. ఆ మాట ముందే చెప్పి తీసుకుని ఉంటే నాకు బాధ ఉండేది కాదు.

నిరుడు శీలావతి, బొచ్చె బాగా దిగాయి. ఐసు పెట్టెలతో లారీలు కలకత్తా వెళ్లాయి. తమ్ముడు వచ్చి, "అన్నయ్యా, ముందు ఇంటి కాగితాలు విడిపించు" అన్నాడు. పొద్దుటి రైలుకి ఇద్దరం ఏలూరులో ఆ సంస్థ ఆఫీసుకి వెళ్లాం.

అసలు 12 లక్షలు మిగిలి ఉంది. దాని కింద ఇంకో రెండు లెక్కలు: గడువుకి ముందే తీర్చేస్తున్నందుకు ఫోర్‌క్లోజర్ చార్జీ నాలుగు శాతం, 48,000. దాని మీద జీఎస్టీ 8,640. "అప్పు తీరుస్తుంటే డబ్బెందుకు కట్టాలమ్మా?" అన్నాను. కౌంటర్లో అమ్మాయి విసుక్కోలేదు. "సంతకం పెట్టారు కదండీ మాస్టారూ" అని అగ్రిమెంటు తిప్పి చూపించింది. సంతకం నాదే. ముప్పై ఏళ్లు పిల్లలకి 'చదవకుండా సంతకం పెట్టకండిరా' అని చెప్పిన చేత్తో పెట్టిన సంతకం.

మా ఊళ్లల్లో పెద్దమనుషులు దోషికి వేసే జరిమానాని 'తప్పు' అంటారు. అప్పు తీర్చడం దోషమా? ఇంటికొచ్చి యాజ్ఞవల్క్య స్మృతి తీశాను. కేతన పదమూడో శతాబ్దంలోనే 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చినది ఆ స్మృతి వ్యాఖ్యానాన్నే. బాకీ తీర్చబోతే అప్పిచ్చినవాడు పుచ్చుకోకపోతే, ఆ సొమ్ము మధ్యవర్తి దగ్గర ఉంచమంది స్మృతి. ఆనాటి నుంచి వడ్డీ పెరగదు. డబ్బుతో వచ్చినవాడికి తాకట్టు విడవనివాణ్ని దొంగతో సమానం చేసింది. తాకట్టు విడిపించడానికి ఆ స్మృతికారుడు వాడిన మాటదీ, మోక్షానిదీ ఒకటే ధాతువు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం తీర్చాకే మనసు మోక్షం మీద పెట్టమన్నాడు మనువు. మన పెద్దల దృష్టిలో ఋణం తీర్చడం విడుదల. ఆ విడుదలకి అడ్డం నిలబడకూడదు.

సంస్థ వాదనా విన్నాను. వాళ్లూ ఎక్కడో గడువు పెట్టి అప్పు తెచ్చి మనకిస్తారు, మధ్యలో తీరిస్తే వాళ్లకి నష్టం. వడ్డీ మారని అప్పుకి ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. మాది వడ్డీ మారే అప్పు. రేటు పెరిగినప్పుడల్లా భారం మేమే మోశాం. వ్యక్తులు తీసుకున్న అలాంటి గృహరుణాల మీద ఈ చార్జీ వద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకి చెప్పింది. మాది వ్యాపారానికి తీసుకున్నది కాబట్టి ఆ నీడ మాకు అందలేదు. ఇల్లు మాత్రం అదే ఇల్లు.

కట్టనని పోట్లాడదామన్నాడు తమ్ముడు. నాకు మనసొప్పలేదు. షరతు ధర్మం కాకపోయినా మాట నాది. 56,640 రూపాయలూ కట్టాను. అధర్మమని రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చాను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఆ మాట అడిగిన తీరు తప్పని చెప్పడం, రెండూ నా బాధ్యతలే అనుకున్నాను.

మూడు వారాలకి దస్తావేజులొచ్చాయి. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద నాన్నగారి సంతకం, ఊదారంగు సిరా, చివరి అక్షరం కింద ఆయన ఎప్పుడూ గీసే చిన్న గీత. తమ్ముడు దాన్ని వేలితో తడిమి కళ్లకద్దుకున్నాడు.

2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, వడ్డీ మారే వ్యాపార రుణాలకి కూడా చాలా సంస్థలు వ్యక్తుల దగ్గర ఈ చార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయినా సంతకానికి ముందు ముఖ్యాంశాల పత్రం అడగండి. రుసుములన్నీ అందులో చూపించాలి, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో ఇమ్మని అడగండి, ఇచ్చేదాకా కలం తియ్యకండి.