మూడో సిలిండర్‌కు తర్కశాస్త్రం

సిగ్నల్ దగ్గర కారు ఆగితే ఇంజిన్ వణుకుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0303 అని వస్తుంది. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఇగ్నిషన్ కాయిల్ పోయిందని మాత్రం ఆ కోడ్ చెప్పదు.

అసలు ఆ మిస్‌ఫైర్‌ను కంప్యూటర్ కూడా నేరుగా చూడలేదు. ప్రతి సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడూ క్రాంక్‌షాఫ్ట్ వేగం కాస్త పెరగాలి. మూడోదాని వంతులో ఆ ఊపు తగ్గింది కాబట్టి అలా తేల్చింది. భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఇలా గుర్తును బట్టి తేల్చడాన్నే అనుమాన ప్రమాణం అంటుంది.

కొండమీద పొగను బట్టి నిప్పును తెలుసుకోవడం ఆ దర్శనంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో దానికో హద్దు చూపించాడు. నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉంటుందనలేం. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. అలాగే కాయిల్ చెడితే మిస్‌ఫైర్ వస్తుంది. మిస్‌ఫైర్ వచ్చింది కాబట్టి కాయిలే చెడిందనడం చెల్లదు. ప్లగ్, ఇంజెక్టర్, వాల్వ్, ఏదైనా కారణం కావచ్చు.

అందుకే మంచి మెకానిక్ ఒకటో, మూడో కాయిళ్లను అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి, బండి నడుపుతాడు. పి0301 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పి0303 వస్తే ప్లగ్ చూస్తాడు, తర్వాత ఇంజెక్టర్, ఆపై కంప్రెషన్ కొలుస్తాడు. కాయిల్ వెళ్లినచోటికి దోషం వెళ్లడం అన్వయం, అది లేనిచోట దోషం లేకపోవడం వ్యతిరేకం.

మరి ఈ జ్ఞానం నిజమని ఎలా తెలుస్తుంది? దాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల అంటారు నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు. కొత్త కాయిల్ బిగించాక బిల్లు రాసేముందు బండిని మరోసారి రోడ్డెక్కించాల్సింది అందుకే.