అంకెల సాక్ష్యం

ప్రభుత్వ లెక్కలను అభ్యుదయవాది నమ్మవచ్చునా? పాలకవర్గం కూర్చిన అంకెలు పాలకవర్గానికే ఊడిగం చేస్తాయని కొందరు మిత్రుల వాదన. అందులో సత్యం లేకపోలేదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానిలో పుట్టుకను బట్టే మనుషులను నేరస్థుల పట్టికకెక్కించింది. దేశం మొత్తం మీద అది తొలగడానికి 1952 దాకా పట్టింది.

కాని 1867లో వెలువడిన 'పెట్టుబడి'కి మార్క్స్ దేనిని ఆధారం చేసుకున్నాడు? బ్రిటిష్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలను కాదా? ప్రతివాది దస్తావేజుతోనే ప్రతివాది నేరాన్ని రుజువు చేశాడాయన.

మన సంగతికి వద్దాం. 2022 డిసెంబరు 31న దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారనీ, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలనీ జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకటించింది. అనగా నలుగురిలో ముగ్గురు నేరం రుజువు కాకుండానే బందీలు. ఈ మాట మనమంటే ప్రచారమంటారు. ప్రభుత్వమే అచ్చువేస్తే ఏమంటారు?

అయితే అంకె చెప్పనిదీ ఉంది. జనవరిలో జైలుకు వెళ్లి నవంబరులో విడుదలైనవాడు డిసెంబరు 31 నాటి ఆ లెక్కలో లేడు. కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీని చూడండి. 1983 వలస చట్టం కింద, పదో తరగతి దాటని కూలీ గల్ఫ్‌కు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్ఫయ్యేళ్లు నిండాలి. దళారి ఆమెను సందర్శకుల వీసాపై విమానమెక్కిస్తే, అనుమతుల లెక్కలో ఆమె ఉండదు. బాధ భరించలేక ఆమె గడప దాటితే, 'పారిపోయింది' అని యజమాని ఫిర్యాదు చేస్తే, ఆమె జైలు పాలైతే, విదేశీ జైళ్లలోని భారతీయులంటూ విదేశాంగశాఖ పార్లమెంటుకు చెప్పే సంఖ్యలో ఒకటి పెరుగుతుంది. కష్టజీవిగా లెక్కకు రాని మనిషి నేరస్థురాలిగా మాత్రం లెక్కకు వచ్చింది! ఇది గుమాస్తా పొరపాటు కాదు. ఆమె శ్రమను చూడకుండా, ఆమె తప్పును మాత్రమే చూసే వ్యవస్థ స్వభావం.

కనుక నమ్మాలా, మానాలా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు లెక్కించారు, ఏ రోజున, ఏ అవసరానికి, ఎవరిని వదిలి? ప్రతి పట్టికనూ మన విద్యార్థులు ఇలా నిలదీయాలి. తర్వాత కోనసీమ ఊళ్లకు వెళ్లి, వదిలేసిన గడిలో ఎవరున్నారో ఇంటింటా అడిగి రాయాలి. జవాబు చెప్పే తల్లులు అక్కడే ఉన్నారు. అడిగేవారే కరువు.