వైద్యవిద్యలో ఎన్నిక: బాధ్యత ఎవరిది?

నీతిని గురించిన చర్చ మన దేశంలో చాలాకాలం మోక్షం చుట్టూ, కర్మ చుట్టూ తిరిగింది. ఈనాడు అది ఎంతో లౌకికమైన చోట తల ఎత్తుతున్నది. పద్దెనిమిదేళ్ళ పిల్లకు నీట్ పరీక్షలో మంచి ర్యాంకు వస్తుంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్ ఆప్షన్లు పెట్టుకొమ్మంటుంది. ఆ వరుసలో మొదటి పేరు ఏది కావాలి? హైదరాబాదులోని ఉస్మానియానా, గాంధీనా, వరంగల్లులోని కాకతీయనా? లేక 2022లో జగిత్యాలలోనూ, 2023లో సిరిసిల్లలోనూ తెరిచిన ప్రభుత్వ కళాశాలలా? ఇది కేవలం సొంత లాభనష్టాల లెక్క అని కొందరు మిత్రులు కొట్టివేస్తారు. నేను అట్లా అనుకోను. ఒక వ్యక్తి చేసే ఎన్నికలో సమాజానికి ఎంత వాటా ఉన్నదనే పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో నిలబడి ఉన్నది.

కోరుట్లలో ఉపాధ్యాయుణ్ణి కావటంచేత ప్రతి యేడూ వానాకాలంలో ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఆమధ్య వచ్చిన ఒక పిల్ల తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి గల్ఫులో కూలి. పైన చెప్పిన కళాశాలల్లో దేన్ని ముందు రాసినా సీటు దాదాపు ఖాయమనదగిన ర్యాంకు ఆ పిల్లది. వెంట వచ్చిన మేనమామ సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తాడు, సంఘం మనిషి. ఆయన మాట సూటిగా ఉంది: "మన జిల్లాలకు కాలేజీలు రాక రాక వచ్చినయి సారూ. మన పిల్లలే పట్నం ఉరుకుతే ఇక్కడ ఎవరు సదువాలె?"

ఈ మాటను తేలికగా తీసిపారవేయటానికి వీలులేదు. 1978 సెప్టెంబరు 7న పల్లెల నుంచి రైతుకూలీలు వేలుగా జగిత్యాలకు తరలివచ్చారు. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆనాడు ఈ ప్రాంత ప్రజలను పాలకులు చూసిన చూపు అది. అటువంటి నేల మీదికి ప్రభుత్వ వైద్యకళాశాల రావటం సామాన్య విషయం కాదు. 2014లో తెలంగాణలో ప్రభుత్వ వైద్యకళాశాలలు అయిదు. 2024 నాటికి ముప్పయి నాలుగు. ఆ సంఖ్య వెనుక ఎన్నికల లెక్కలు ఉన్నవి, నిజమే. కాని ప్రజల ఆకాంక్ష కూడా ఉన్నది. మేనమామ గర్వం ఆ ఆకాంక్షదే.

అయినా ఆయన వాదంలో ఒక మెలిక ఉన్నది. జగిత్యాలలో సీట్లు 150, సిరిసిల్లలో 100. ఈ పిల్ల వాటిని కోరకపోతే అక్కడ ఒక బల్ల ఖాళీగా ఉండిపోదు. తరువాతి ర్యాంకు విద్యార్థి వచ్చి కూర్చుంటాడు. ఆమె త్యాగంచేసి జగిత్యాలలో చేరినా జిల్లాకు ఒక్క వైద్యుడు కూడా ఎక్కువ కాడు. ఆమె వదులుకున్న ఉస్మానియా సీటు మాత్రం మరొకరికి దక్కుతుంది, ఆ మరొకరు బహుశా బీడీ కార్మికురాలి బిడ్డ కాదు. అంటే ఈ త్యాగం వల్ల లోకంలో జరిగే మార్పల్లా, ఎవరు ఎక్కడ తయారవుతారన్నదే.

కాబట్టి విచారించవలసింది ఆ తయారుకావటాన్ని గురించి. వైద్యం పుస్తకంలో సగమే ఉన్నది, తక్కినది మంచం పక్కన నేర్వవలసిందే. ఈ విషయంలో కొత్త కళాశాలకు లోటు లేదనీ, జిల్లా ఆసుపత్రిలో రోగులు నిండుగా ఉన్నారనీ కొందరంటారు. రోగులు ఉన్నారు. నేర్పేవారు చాలినంతమంది ఉన్నారా? 2025లో జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకుల కొరతను గురించి రాష్ట్రంలోని అనేక ప్రభుత్వ కళాశాలలకు సంజాయిషీ నోటీసులు ఇచ్చింది. గురువు లేనిచోట రోగి పాఠం కాడు, ప్రయోగానికి పనికివచ్చే శరీరం అవుతాడు. ఆ శరీరం ఎవరిది? మన ఊళ్ళవాళ్ళదే. ఊరిమీద ప్రేమతో ఊళ్ళో అరకొర చదువు చదివి, ఆ అరకొర చదువుతో ఊరివాళ్ళకే వైద్యంచేయటం ఏపాటి సేవో ఆలోచించవలసి ఉన్నది.

ఇక రెండోవైపు వాదం మా ఉపాధ్యాయులది. పెద్ద ర్యాంకుకు పెద్ద కాలేజి, అంతే. ఇందులో నీతి ప్రసక్తే లేదు. 1846లో హైదరాబాదులో మొదలైన వైద్యపాఠశాలే ఉస్మానియాకు మూలం. దానికి పేరు రావటంలో మేధావుల కృషి ఎంత ఉన్నదో, నూటడెబ్బయ్యేళ్ళకు పైగా నాలుగు మూలల నుంచీ వచ్చి ఆ వరండాల్లో పడుకున్న బీదల జబ్బులకూ అంత వాటా ఉన్నది. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి "పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి" అన్న చీటీతో బస్సెక్కినవారు అందులో లేరా? ఆ పేరును ర్యాంకుకు దక్కిన సొంత ఆస్తిగా భావించటం ఎంతమాత్రం సరికాదు. మా వాళ్ళు ఏడాదికి పదిలక్షలు దాటే రుసుముతో మేనేజిమెంటు సీటు కొనేవారిని ఈసడించుకుంటారు గాని, ఆస్తి భావన రెండుచోట్లా ఒకటే.

త్యాగాన్ని బోధించేవారు తరచు డాక్టర్ కొట్నీస్ పేరు తెస్తారు. ఆయనది షోలాపూరు, మన పద్మశాలీలు మగ్గాలు వెదుక్కుంటూ పోయి స్థిరపడిన ఊరు. బొంబాయిలో చదివి, 1938లో చైనాకు వెళ్ళి, 1942లో అక్కడే మరణించాడు. మహనీయుడు. అయితే ఆయన ఒంటరిగా పోలేదు. కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ఒకడిగా పోయాడు. అక్కడ ఒక సైన్యం, ఒక ప్రజాఉద్యమం ఆయన పనికి అర్థం కల్పించినవి. మన నెల్లూరు ప్రజావైద్యశాల కూడా అంతే. డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి వెనుక పార్టీ ఉన్నది, రైతులు ఉన్నారు. ఏ నిర్మాణమూ లేకుండా, కన్సల్టెంటు పోస్టు నింపాలని ఎవరూ అడగకుండా, ఒక్క ఆడపిల్ల భుజాలమీద జిల్లా ఆరోగ్యాన్ని పెట్టటం ఉద్యమం కాదు. దాన్ని ఉపన్యాసం అంటారు.

నేనామెను ఉస్మానియానో కాకతీయనో ముందు రాయమన్నాను. ప్రభుత్వ కళాశాలలో రుసుము ఎక్కడైనా ఒక్కటే గనుక హాస్టలు ఖర్చే అసలు సమస్య. మేనమామకు నా సలహా నచ్చలేదు. "తెలివిగల్ల పిల్లలంత ఎల్లిపోతే, మాకు పంతుళ్ళు లేరని ఆడ కొట్లాడేటోడు ఎవడు సారూ?" అన్నాడు. నా అంకగణితానికి అందని మాట ఇది. విద్యార్థి సీటునే కాదు, కళాశాలలో ఒక గొంతునూ నింపుతాడు. గట్టి గొంతులన్నీ రాజధానికి చేరితే జిల్లా కళాశాల ఏళ్ళతరబడి బోర్డుగానే మిగిలిపోవచ్చును. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. అయితే పోరాడే శక్తి ర్యాంకుతో వస్తుందని మాత్రం ఒప్పుకోను.

ఇంకొక సంగతి. హైదరాబాదులో పెరిగిన పిల్లవాడు ర్యాంకు తక్కువై జగిత్యాలకు వచ్చిపడతాడు. జగిత్యాలకు నీవు ఏం రుణపడి ఉన్నావని అతన్ని ఎవరైనా అడిగారా? నేను వినలేదు. ఆ ప్రశ్న బీడీల చేట ముందు పెరిగిన పిల్లకే ఎందుకు పడాలి? అతను అయిదున్నరేళ్ళు ఇక్కడే ఉంటాడు. ఒడిలో చేటతో పొద్దంతా కూర్చునే ఆమె మెడనొప్పి, సాంచాల మోతలో చెవులు పోయినవాని మాట, పొగాకు దుమ్ముకు వచ్చే దగ్గు అతనికి కొత్త. "పానం సల్లగయితంది బాంచెన్" అని ముసలామె అంటే చేతి థర్మామీటరు వైపు చూస్తాడు. ఆమె ఏం చెపుతున్నదో ప్రస్తుతం అతనికి విడమరిచి చెప్పేది వార్డులో ఊడ్చే ఆయమ్మ. ఆమె ఔట్‌సోర్సింగు ఉద్యోగి. అధ్యాపకుల పట్టికలో ఆమె పేరు ఉండదు.