ఫలత్యాగము: ఎవరి ఫలము?

పద్మశాలీయుల మూలపురుషుడైన భావనాఋషి శ్రీమహావిష్ణువు నాభికమలము నుండి తంతువులను గ్రహించి దేవతలకు వస్త్రములు నేసెనని ఐతిహ్యము. ఆయన సంతతివారు అధికముగా నున్న సిరిసిల్లలో నేడు ఆడుచున్నవి మరమగ్గములు. అక్కడివారి మాటలో సాంచాలు. నూలు సమకూర్చు యజమాని, సాంచాలు నడిపించు ఆసామి, నేసినదానిని బట్టి కూలి పొందు కార్మికుడు, ఈ ముగ్గురి చేతులమీదుగా బట్ట తయారగును.

ధర్మసందేహము ఇక్కడనే పుట్టుచున్నది. బట్ట అమ్ముడుపోనపుడు, ఫలము భగవదధీనమని చెప్పి యజమాని బకాయిపడిన కూలిని ఎగవేయవచ్చునా? గీతాబోధయే గదాయని సమాధానపడువారు లేకపోలేదు.

భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున త్యాగమును మూడు విధములుగా వివరించిరి. నేనే చేయుచున్నాననెడి కర్తృత్వమును, ఈ కర్మ నాదియనెడి మమకారమును, దీని ఫలము నాకు కావలెననెడి ఆశను విడుచుట. మూడింటను విడువవలసినది తనదే. కార్మికుడు నేసిన బట్టకు రావలసిన కూలి యజమానికి ఫలము కాదు, ఋణము. పరుల సొత్తును వదలుకొనుట త్యాగమెట్లగును? చిత్రమేమనగా, లాభము వచ్చిన ఏట ఈ వేదాంతము ఎవరికిని జ్ఞప్తికి రాదు. లాభము తన తెలివి, నష్టము దైవేచ్ఛ!

ఇది వట్టి తర్కము కాదు. పని కరువై నేతకార్మికులు ప్రాణములు తీసికొనిన ఊరది. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను అప్పగించినపుడు సాంచాలకు చేతినిండ పని దొరకెను. 2024లో ఆర్డర్లు లేక వానిలో అనేకము ఆగిపోయెను. కలిగిన కాలముననే లేని కాలపు కూలికై కొంత సొమ్ము వేరుగా నుంచుటను కైంకర్యముగా భావింపవలదా? గుడికిచ్చు విరాళము కంటె ఇది తక్కువదని తలచుట పొరపాటు.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతపు పసుపు చేలు ధర్మపురి నృసింహుని సేవింపబోవు యాత్రికులకు పరిచితములే. నెలల తరబడి పెంచి, కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి తెచ్చిన రైతు సరుకును తూచు త్రాసు వద్దను ఇదే ప్రశ్న నిలుచును. మహాభారతము శాంతిపర్వమున, జటలలో పక్షులు గూడు కట్టునంతగా తపస్సు చేసిన జాజలి, ధర్మము తెలిసికొనుటకు కాశీలో సరుకులమ్ముకొను తులాధారుని కడకు పోవలసివచ్చెను. అతని త్రాసు అందరికిని ఒక్కటే.

యజమాని చేతిలో నిజముగనే లేనపుడో? అపుడు లెక్కలు దాచక కార్మికుల యెదుట పరచి, నిల్వయున్న బట్టపై వచ్చు మొదటి సొమ్మును కూలికే చెల్లింపవలెను. నూలు బాకీలు, తన ఇంటి ఖర్చులు ఆ తరువాతివి.