ముందే తీర్చిన తీర్పు

ఒకప్పుడు ఇద్దరి తగవు తీర్చుటకు కూర్చుంటిని. దోషి ఎవరో మనస్సులో ముందే నిశ్చయించుకొని, సాక్షుల మాటలలో దానినే వింటిని. నేను దోషి యనుకొన్న సహోదరుడు నిర్దోషియని తరువాత తేలినది. ముందుగా ఊహించుటయే నా తప్పా?

దీనికి జవాబు ఆకాశ శాస్త్రజ్ఞుల పనిలో నాకు కనబడినది. మొదటి నక్షత్రసమూహములు వెలిగిన కాలమున హైడ్రోజను వాయువు రేడియో తరంగములపై వేసిన గుర్తును వారు వెదకుచున్నారు. 21 సెంటీమీటర్ల ఆ తరంగము, విశ్వము విస్తరించుటచే, కొన్ని మీటర్లకు సాగి మనలను చేరును. మన పాలపుంత చేయు రొద దానికంటె వేలరెట్లు పెద్దది. అందుచేత వారును ముందే ఊహింతురు; ఆ సంకేతము ఎట్లుండవచ్చునో కంప్యూటరులో పలువిధముల నమూనాలు కట్టుదురు. అయితే అంతటితో ఊరకుండరు. నమూనాను కల్పిత రొదలో దాచి, తమ లెక్క దానిని పట్టునా అని చూతురు. ఏమియు దాచని రొదలోను పట్టినయెడల, తప్పు తమ లెక్కదేనని గ్రహింతురు.

2018లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎడ్జెస్ పరికరము 78 మెగాహెర్ట్జుల వద్ద అట్టి సంకేతమును పట్టెనని ప్రకటించిరి. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థవారు, నేలవలన కలుగు చిక్కు నీటిపై తక్కువ గనుక, 2020లో తమ సరస్-3 పరికరమును కర్ణాటక జలాశయములపై తేల్చి వినిరి. ఆ రూపమున సంకేతము తమకు కానరాలేదని 2022లో తెలిపిరి.

కావున ఊహ పాపము కాదు. ఊహలేనివాడు రొదలో ఏమియు వినలేడు. తన ఊహ తప్పని చూపగల మాటకు తావియ్యకుండుటయే పాపము. "ఇతడు నిర్దోషియైనయెడల ఈ సాక్ష్యము నాకు వేరుగా వినబడునా?" అని ఆనాడు నన్ను నేను అడుగవలసినది. అడుగలేదు. నిర్దోషి తలవంచుకొని ఇంటికి పోయెను. ఇకమీదట తీర్పు తీర్చు ప్రతిచోట ఆ ప్రశ్నను ముందు మనలనే అడుగుకొందము.