ముసుగు వెనుకనున్న ముఖము



నీ గ్రామమునకు పగటివేషగాండ్రు వచ్చిన దినములు నీకు జ్ఞాపకమున్నవా? నా బాల్యములో కోదాడ ప్రాంతపు పల్లెలకు వారు వచ్చుచుండెడివారు. ఒకనాడు రాజువేషము, ఒకనాడు ఫకీరువేషము, మరియొకనాడు కరణపువేషము. మేము పిల్లలము వారి వెంట పరుగెత్తెడివారము. కడపటి దినమున వారు రంగు కడిగికొని, సొంత ముఖములతో ఇంటింటికి వచ్చి, ఇచ్చినది పుచ్చుకొని పోయెడివారు. వారిని మోసగాండ్రని మా ఊరిలో ఎవరును అనలేదు.

అయితే ప్రభువు వేషధారులను ఎంత కఠినముగా గద్దించెనో సువార్తలు చదివిన నీకు తెలియును. అట్లయిన ముఖము దాచుకొనుట ఎల్లప్పుడును పాపమేనా? ఈ మాసము ఈ ప్రశ్నను నీతో కూడ ఆలోచింపగోరుచున్నాను.

బలవంతుల మాట వచ్చినప్పుడు మన తెలుగువారికి కోడి రామమూర్తి నాయుడుగారు జ్ఞప్తికి వచ్చుదురు. ఆయన 1882లో శ్రీకాకుళము సీమలోని వీరఘట్టములో పుట్టి, కుస్తీ నేర్చి, సర్కసు నడిపి, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొని, కలియుగ భీముడని పేరొందెను. 1942లో ఆయన గతించెను. ఆయన విగ్రహము విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచియున్నది. ఆయన ముఖము అందరు ఎరిగినదే. ఆయన దానిని దాచుకొనలేదు, దాచుకొనవలసిన పనియు లేకపోయెను.

దూరదేశమైన మెక్సికోలో వేరొక ఆచారము కలదు. అక్కడి మల్లులలో అనేకులు తల యంతయు కప్పు ముసుగు తొడిగికొని గోదాలోనికి దిగుదురు. ఎదిరివాని ముసుగును లాగివేయుట నియమవిరుద్ధము. ముసుగును పందెముగా ఒడ్డి ఓడినవాడు మాత్రము దానిని జనులయెదుట తీసివేయవలెను. వారిలో మిక్కిలి ప్రసిద్ధుడు 1917లో పుట్టిన ఒక మల్లుడు. ఆయన గోదాలో పెట్టుకొనిన పేరు ఎల్ సాంటో, అనగా పరిశుద్ధుడు. వెండిరంగు ముసుగు ధరించి ఆయన ఏబదికి పైగా సినిమాలలో నటించెను. 1984లో ఆయన చనిపోయినప్పుడు ఆ ముసుగుతోనే సమాధి చేసిరి.

ఆ దేశములోనే మరియొక మల్లుడుండెను. ఎరుపు బంగారు రంగుల ముసుగు ధరించి ఆయన ఇరువది సంవత్సరములకు పైగా పోరాడెను. ఫ్రాయ్ టోర్మెంటా అను పేరు పెట్టుకొనెను. తుపాను సన్యాసి అని దాని భావము. ముసుగు వెనుక ఉన్నవాడు సెర్హియో గుటియెరెస్ బెనీటెస్ అను కతోలిక గురువు. 1945లో పుట్టిన ఈయన యౌవనమున మత్తుమందులకు బానిసయై, తరువాత మారుమనస్సు పొంది గురువాయెను. అనాథ బాలురను చేరదీసి వారికొక గృహము నడుపుచుండగా, వారికి అన్నము పెట్టుటకు డబ్బు చాలలేదు. మల్లులకు గొప్ప ధనము వచ్చునని తలంచి కుస్తీ నేర్చుకొనెను. వచ్చినది కొంచెమే గాని, ఆ కొంచెమును పిల్లలకే వెచ్చించెను. తుదకు ఆయన పూజ జరిపించుచుండగా తోటి మల్లుడొకడు గుర్తుపట్టెను, రహస్యము బయలుపడెను.

ఇప్పుడు చెప్పుము, చదువరీ. ఈయన వేషధారియా?

మన వేదములో వేషధారి అను మాటకు మూలమైన గ్రీకుపదమునకు మొదటి అర్థము నటుడు. ఆ కాలపు గ్రీకునటులు ముసుగులు తొడిగికొని ఆడెడివారు. అయితే నాటకము చూచువాడు ముసుగును ముసుగనియే ఎరుగును. మల్లుని ముసుగును గూడ ఎవడును ముఖమని భ్రమపడడు. "నేను ముఖము దాచుకొంటిని" అని అది బాహాటముగా చెప్పుచునే యున్నది. ప్రభువు గద్దించిన వేషధారి అట్టివాడు కాడు. వాని ముసుగు ముఖమువలెనే కనబడును. వీధి మూలల నిలిచి ప్రార్థించువాని కన్నులు మూయబడియున్నవి; చూచువారు వాడు దేవునితో మాటలాడుచున్నాడని నమ్ముదురు. వాడు మాటలాడునది చూచువారితోనే.

పాత నిబంధనలో ఇద్దరిని జ్ఞాపకము చేసికొనుము. యాకోబు మేకతోలు చేతులకు కట్టుకొని గ్రుడ్డితండ్రి యెదుట నిలిచెను; అన్నకు చెందవలసిన దీవెనను తీసికొనుటకు దాగుకొనెను. యోసేపు ఐగుప్తులో పరభాష మాటలాడి, తన్ను అమ్మివేసిన అన్నలకు తెలియకుండ వారి గోనెలలో ధాన్యమును, వారి రూకలను గూడ పెట్టించెను. తరువాత ఆగలేక యేడ్చి తన్ను బయలుపరచుకొనెను. ఒకడు పుచ్చుకొనుటకు దాగెను, ఒకడు ఇచ్చునప్పుడు దాగెను. ముసుగు తీసిన దినమున యాకోబు పారిపోవలసి వచ్చెను; యోసేపు సహోదరులను కౌగిలించుకొనెను.

ఇది ఇతరుల కథ. నా కథయు చెప్పవలెను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను మిర్యాలగూడ ప్రాంతములోని ఒక సంఘములో సేవ చేయుచుంటిని. గుడికి ప్రహరీగోడ కట్ట తలపెట్టితిమి. కోతపండుగ దినమున నేను వేదికమీద నిలిచి, ఇచ్చినవారి పేర్లను, ఇచ్చిన మొత్తములను బిగ్గరగా చదివితిని. రైసుమిల్లులో ఊడ్చు పని చేయు ఒక విధవరాలు నూరు రూపాయలిచ్చెను. పదివేలు, అయిదువేలు ఇచ్చినవారందరి తరువాత ఆమె పేరు కడపట వచ్చెను. వెనుక ఎవరో నవ్విరి. ఆమె కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొనెను. తరువాతి మూడు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. నేను ఆమె యింటికి వెళ్లగా, "అయ్యగారూ, నేను దేవునికిచ్చిన. మీరు ఊరికి చూపెడితిరి" అని మాత్రము అనెను.

గోడ పూర్తియైన తరువాత రాతిమీద పేర్లు చెక్కించితిమి. మొదటి పేరు ఎవరిదో తెలియునా? నాదే. నేనిచ్చినది అందరికంటె ఎక్కువ కాదు.

మరుసటి సంవత్సరమునుండి పేర్లు చదువుట మానివేసితిమి. మూతవేసిన పెట్టె యొకటి పెట్టితిమి. ఆ యేడు వచ్చిన సొమ్ము పెరిగెనని చెప్పిన అబద్ధమగును, కొంత తగ్గెను. పెద్దలలో ఇద్దరు నొచ్చుకొనిరి. ఆ తల్లి మాత్రము తిరిగి వచ్చెను. ఆ రాయి నేటికిని గోడలో ఉన్నది. నా పేరును గీకివేయవలెనని ఒకప్పుడు తలంచితిని. అదియు పదిమంది చూడవలెననియే చేయుదునేమో అని భయపడి ఊరకుంటిని.

అయితే ఇందులో ఒక అపాయము కలదు, దానిని దాటిపోరాదు. ఇచ్చువాని చేయి దాగియుండవచ్చును గాని, పుచ్చుకొనువాని లెక్క దాగియుండరాదు. రహస్యదానమను పేరున సంఘపు సొమ్మును రహస్యముగా వాడుకొనువాడు యాకోబు ముసుగు వేసికొనినవాడు. కావున మా పెట్టెను ముగ్గురి యెదుట తెరచి, మొత్తమును అందరికి చెప్పి, లెక్కపుస్తకమును అడిగినవారికెల్ల చూపితిమి.

మన వెలుగును మనుష్యులయెదుట ప్రకాశింపనియ్యవలెనని ప్రభువు చెప్పలేదా అని నీవు అడుగవచ్చును. చెప్పెను, రహస్యముగా ధర్మము చేయుమనియు ఆ కొండమీదనే చెప్పెను. మొదటిదానిలో మన క్రియలు చూచువారు పరలోకపు తండ్రిని మహిమపరచవలెను. రెండవదానిలో ఆయన నిషేధించినది మనుష్యులచేత ఘనత పొందగోరుటయే. క్రియ కనబడవచ్చును, ఘనత ఎవరికి పోవుచున్నదో నీవు విచారించుకొనుము.

ఈ దినములలో సూర్యాపేటనుండి కోదాడకు బస్సులో పోయి చూడుము. కూడలి కూడలికి ఫ్లెక్సీలమీద నవ్వుచున్న ముఖములు. వాటిని చూచి పరులను తీర్పు తీర్చుట సులభము. మన గుడిలోని ఫ్యాను రెక్కమీదను, బల్లమీదను వ్రాయించుకొనిన పేర్లు ఎవరివి? కాబట్టి నీవు ఈసారి ఏదైన ఇచ్చునప్పుడు నిన్ను నీవు రెండు ప్రశ్నలు అడుగుకొనుము. నా పేరు ఎవరికిని తెలియనియెడల నేను ఇంతయే యిచ్చెదనా? నేను దాచుకొనినది రేపు బయలుపడినయెడల సిగ్గుపడుదునా?

ఆ మెక్సికో గురువు ముసుగు జారినప్పుడు జనులు చూచినది పూజ చేయుచున్న మనుష్యుని, అతని చుట్టు అన్నము తిన్న పిల్లలను. మన ముసుగులును ఒక దినమున తీయబడును. రహస్యమందు చూచు తండ్రి యెదుట అవి ఇప్పుడే లేవు. ఆ దినమున నీ ముఖమును, నా ముఖమును సిగ్గు లేక కనబడునట్లు ఆయన కృప మనకు తోడైయుండును గాక.