చిన్న మంట మీద పచ్చిగడ్డి వేయొద్దు



ముంగారు వాన ముఖం చాటేసిన ఏడాది మన పేటల్లోకి దిగులు చొరబడుతుంది. సెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే వాడిపోతుంది. వయసు పిల్లలు బెంగళూరు పనికి పోతారు. అరుగు మీద ముసలోళ్లు మిగులుతారు. ఒకరి మౌనం ఇంకొకరికి అంటుకుంటుంది. అప్పుడు మన నోటెంట వచ్చే మాటలేవి? 'తలరాత', 'పోయిన జన్మ పాపం', 'గాలి సోకింది'. 22 ప్రతిజ్ఞలు చేసిన నోరు కదా మనది!

కారణం లేకుండా ఏదీ పుట్టదన్నది బుద్ధుని బోధ. అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఇది గ్రహచారం కాదు, భూగోళం. ఇక సెంటు భూమి లేకపోవడం, వడ్డీ అప్పు, కూలి దొరక్కపోవడం మనుషులు చేసినవి. వాటిని మనుషులే మార్చాలి.

మరి లోపలి దిగులు సంగతి? సంయుత్త నికాయంలో అగ్గి సుత్తం ఉంది. చిన్న మంటను పెంచాలనుకునేవాడు దాని మీద పచ్చిగడ్డి వేసి, నీళ్లు చల్లితే మంట లేస్తుందా? కుంగిన మనసు ఆ చిన్న మంటలాంటిది. అప్పుడు కళ్లు మూసుకుని శాంతంగా కూర్చోమని బుద్ధుడు చెప్పలేదు. అది ధమ్మవిచయం, వీర్యం, పీతి పెంచాల్సిన సమయమన్నాడు. స్మృతి మాత్రం ఎప్పుడూ కావాలన్నాడు.

స్మృతి అంటే 'ఇప్పుడు నా మనసు కుంగింది' అని గుర్తుపట్టడం. 'నేను పనికిరానోణ్ణి' అనుకోవడం స్మృతి కాదు. ధమ్మవిచయం అంటే వెతకడం: ఈ దిగులు ఆకలిదా, నిద్రలేమిదా, అప్పుదా, పక్కింటి నుంచి అంటుకున్నదా? వీర్యం అంటే ఈ రోజుకు ఒక్క పని: ఉపాధి పనికి అర్జీ పెట్టడం, విహారం ఊడ్వడం, ఏదైనా సరే. పీతి అంటే సంతోషం. పిల్లల్ని కూర్చోబెట్టి త్రిశరణాలు చెప్పించండి, ఆ గొంతుల్లో అది దొరుకుతుంది.

'ఓర్చుకో', 'మరిచిపో', 'అందరికీ ఉన్నదే' అనే మాటలు పచ్చిగడ్డి. వాటిని ఎవరి మీదా వేయొద్దు. దిగులు రెండు వారాలైనా వదలకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. చావు మాట నోట వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు, ఆ మనిషిని ఒంటరిగా విడవొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. మందు తీసుకోవడం ధమ్మానికి విరుద్ధం కాదు. బుద్ధుడు రోగికి తన చేతులతో సేవ చేసినవాడు.

వచ్చే పౌర్ణమి వందనకు ఏ ఇంటోళ్లు రాలేదో చూడండి. మరునాడు ఆ తలుపు తట్టండి. చేతిలో ఎండుపుల్ల ఉండాలి, పచ్చిగడ్డి కాదు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!